ఆరు పెట్టెల కారు

3 నవంబరు 1927, గురువారం

ఈ ఉదయం 6.10కి ఇన్‌సీన్‌లో చిన్నమ్మికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. కబురు మా ఇంటికి 8.30కి చేరింది. తెచ్చింది అచ్చెన్న బావ, మంగాయమ్మ అన్న. నా కూతురికి కాన్పయిందన్న సంగతి నాకు నా భార్య అన్న చెప్పవలసి వచ్చింది. ఇన్‌సీన్ నుంచి వచ్చిన మనిషి ముందు ఆయన గుమ్మమే తొక్కాడట.

11.20కి రంగూను సేక్కాన్ జెట్టీలో నా పెట్టెలు దిగాయి. రావలసినవి ఆరు. ఆరూ వచ్చాయి.

ఈ పుస్తకం కొన్నది కారు పని రాసుకోవడానికి. మొదటి పేజీలో మొదటి వాక్యం కారు గురించి కాలేదు. పెద్ద వార్త ముందు రాయడం ఇరవై రెండేళ్ళుగా పత్రికకి కోర్టు వార్తలు రాసే చేతికి పట్టిన అలవాటు. అంతకు మించి అర్థం లేదు.

కారు సంగతి. ఇంగ్లండులో ఒక చిన్న కంపెనీ కారుని విడిభాగాలుగా పెట్టెల్లో సర్ది పంపుతుంది. కొన్నవాళ్ళు ఇంటి దగ్గరే బిగించుకోవాలి. మామూలు తెలివి, కొద్దిపాటి ఓపిక ఉంటే చాలని ప్రకటన. రెండూ నాకున్నాయి. పేకాడని, తాగని మనిషికి సాయంత్రాలు ఏదో ఒక కాలక్షేపం కావాలి. ఇది కాలక్షేపం.

బావ రెండు ఎడ్లబళ్ళు మాట్లాడి పెట్టెల్ని చిమిండైంగ్‌లో మా ఇంటికి చేర్చాడు. ఇంటి ముందు ఆవరణలో రేకుల షెడ్డు కింద వరసగా పెట్టించాడు. మంగాయమ్మ వచ్చి వాటి పక్కన నిలబడింది.

"ఇన్‌సీన్ ఎప్పుడెల్దామండీ?"

"ఇది తయారవగానే. మన కారులోనే వెళ్దాం."

"ఇదెప్పటికవుతాది?"

"రెండు వారాలు."

"రైలుకైతే అరగంట" అని లోపలికి వెళ్ళిపోయింది.

రైలు మాట నిజమే. కాని రైల్లో రద్దీ.

4 నవంబరు, శుక్రవారం

కోర్టు నుంచి ఐదున్నరకి ఇల్లు చేరేసరికి ఆరు పెట్టెలూ ఖాళీ. షెడ్డు గోడ పొడవునా పాల డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. ఇరవై ఆరు. బావ వాటి వెనక పీట మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. దీపావళికి కొట్టు సర్దినవాడి మొహం.

"సూసావా బావా, ఎలగ సర్దానో. పెద్దవి కింద, సిన్నవి మీద. ఒక సైజువి ఒక డబ్బాలో. కళ్ళు మూసుకుని తియ్యొచ్చు."

"బోల్టులు గుడ్డ సంచుల్లో రావాలి. సంచుల మీద చీటీలుండాలి. అవేవి?"

"ఆ కాయితాలా? పొయ్యిలోకి పనికొచ్చాయి. సంచులు చెల్లి ఉతికి ఆరేసింది. మంచి గుడ్డ."

కంపెనీ పంపిన పుస్తకం తీసి చూపించాను. ఒక్కో సంచీ ఒక్కో పనికి. పద్నాలుగో నంబరు సంచీలోవి ముందు స్ప్రింగుకి. పదిహేనోది స్టీరింగుకి. అరవై రెండు సంచులు, అరవై రెండు పనులు.

బావ చుట్ట నోట్లోంచి తీశాడు. "ఇది రాసినోడు ఎప్పుడేనా ఓడలో సరుకు పేర్సాడా? నంబరుని బట్టి పేర్సితే ఓడ బోర్లా పడతాది. సైజుని బట్టి, బరువుని బట్టి పేర్సాల. ముప్పై ఏళ్ళు మేస్త్రీ సేసినోడికి సెప్తావేటి?"

"ఇది ఓడ కాదు బావా."

"అందికే సిన్న డబ్బాలు ఎట్టాను."

బోల్టులు, నట్లు కలిపి 431. లెక్కపెట్టాను. లెక్కపెట్టడం వల్ల తెలిసిందేమీ లేదు.

5 నవంబరు, శనివారం

లత వీధిలో చీనా ఇనపకొట్టు. పుస్తకం చూపించి, ఏ బోల్టు దేనికో చెప్పగలవా అని అడిగాను. కొట్టతను మర్యాదస్తుడు. నవ్వలేదు.

6 నవంబరు, ఆదివారం

వెనక ఇరుసు. ఇంజను తిప్పే రాడ్డు చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది ఇరుసులోని పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. పెద్దది చిన్నదానికి ఎడమ పక్కన ఉండాలని పుస్తకం. నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా బావ బిగించేశాడు. షెడ్డు వాకిట్లో, కారు ముందు నిలబడి చూశాను. పెద్ద చక్రం కుడి పక్కన ఉంది.

"ఇప్పు బావా. ఎడమ పక్కకి రావాలి."

"ఎడం పక్కనే ఉంది కదేటి."

"నేను చూస్తూనే ఉన్నాను. ఇది కుడి."

"ఓడ మీదైతే ఇదే ఎడం. నువ్వెక్కడ నిలుసున్నా, ఓడ ఎడం ఓడదే."

"ఓడ సంగతి నీకు తెలుసు. పుస్తకం సంగతి నాకు తెలుసు."

బావకి చదువు రాదు. ఆ మాట నేను అనలేదు. అనకపోయినా వినిపించి ఉంటుంది. ఇప్పి, అటు తిప్పి, బిగించాడు. రెండు గంటలు పట్టింది. మంగాయమ్మ పిలుస్తున్నా భోజనానికి ఉండకుండా వెళ్ళిపోయాడు.

పుస్తకంలో ఉన్నది చదివితే పని జరుగుతుందని ఈ రోజు రుజువైంది.

7 నవంబరు, సోమవారం

మంగాయమ్మ 9.05 రైలుకి వెళ్ళి సాయంత్రం 5.40కి వచ్చింది. పిల్ల ఎవరి పోలికో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. అన్నం వడ్డిస్తూ, గోడకి చెప్తున్నట్టు, "ఆ బర్మావోళ్ళూ బాలింతకి పసుపే రాస్తన్నారు" అంది. కాసేపాగి, "తొలికాన్పు పుట్టింట్లో అవ్వాల. నా సేతుల మీద అవ్వాల. అవనేదు" అంది.

ఇరవై ఒకటో రోజు బిడ్డని ఉయ్యాల్లో వేస్తారు. 23వ తేదీ, బుధవారం. మా వాళ్ళలో పిల్లని ఎత్తి ఉయ్యాల్లో పడుకోబెట్టవలసింది తల్లి వైపు తాత.

"మీరు రాకపోతే అన్నయ్య ఏస్తానన్నాడు."

"అప్పటికి కారు అయిపోతుంది."

"నేనడిగింది కారు మాట కాదు."

పులుసులో ఉప్పు లేదు. నేను ఆ సంగతి చెప్పలేదు.

9 నవంబరు, బుధవారం

పున్నమి. కోర్టుకి సెలవు. మంగాయమ్మకి కార్తీక దీపాలు, వీధిలో బర్మా వాళ్ళకి వాళ్ళ దీపాలు. ఎదురింటావిడ దా ఖిన్ ఖిన్ ఉదయమే గేటు ముందు పందిరిలో నీళ్ళ కుండలు తోమి నింపింది. దారినపోయేవాళ్ళు దాహం తీర్చుకోవడానికి పెట్టిన కుండలు. పండగ కాబట్టి వాటికి పూలు.

ఒక విషయం ఇక్కడ రాసి ఉంచాలి. చిన్నమ్మి పెళ్ళికి నేను వెళ్ళలేదని మంగాయమ్మ అంటూ ఉంటుంది. ఇది సరికాదు. పెళ్ళి జరిగిందనడానికి నా దగ్గర ఆధారం లేదు. కిందటి డిసెంబరులో చిన్నమ్మి బట్టల పెట్టె పట్టుకుని ఇన్‌సీన్ వెళ్ళింది. రైల్వే వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసే ఒక బర్మా కుర్రవాడి ఇంటికి. అక్కడ ఐదుగురు భిక్షువులకి భోజనం పెట్టారు. ఇరుగుపొరుగులకి టీ ఇచ్చారు. ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం తిన్నారు. అంతే. పురోహితుడు లేడు. రిజిస్టరు లేదు. సంతకాలు లేవు. అటువంటిదాన్ని పెళ్ళి అని రాసి నేను పత్రికకి ఇవ్వలేను. ఇచ్చినా ఎడిటరు వేయడు. వెళ్ళే ముందు చిన్నమ్మితో అదే చెప్పాను.

"నీ పేపర్లో వెయ్యమని నేనడిగానా నాన్నా?" అంది.

పదకొండు నెలలయింది. ఆ ఫిట్టరు మీద నాకు కోపం లేదు. రెండుసార్లు చూశాను, అంతే. ఉన్న వాస్తవం చెబుతున్నాను.

స్టీరింగు బిగిసింది. కుడికి తిప్పితే కుడికే తిరుగుతోంది.

10 నవంబరు, గురువారం

ముందు స్ప్రింగుకి బోల్టు పట్టడం లేదు. ఎనిమిదో డబ్బాలోంచి పన్నెండు పెట్టి చూశాను.

11 నవంబరు, శుక్రవారం

పదమూడోది పట్టింది. అది తొమ్మిదో డబ్బాలో ఉంది.

13 నవంబరు, ఆదివారం

పదకొండో రోజు. పురుటి స్నానం. మంగాయమ్మా బావా 7.25 రైలుకి బయలుదేరారు. మంగాయమ్మ చేతిలో బుట్ట, బుట్ట మీద గుడ్డ. గుమ్మంలో ఆగింది. బావ ఆగలేదు. కాని గేటు దగ్గర్నుంచి అరిచాడు.

"వస్తావా, రావా బావా?"

"క్లచ్చి సగంలో ఉంది."

"క్లచ్చి పారిపోదు. సరే, ఉయ్యాల నాటికి నువ్వు రాకపోతే గుంటని నానే ఎత్తుతాను. ఎత్తుడు నాకు కొత్తేటి? ఓడలకి ఓడలే ఎత్తాను."

రోజంతా క్లచ్చి. మూడుసార్లు బిగించాను, మూడుసార్లు ఇప్పాను. అందులో ఏడు స్ప్రింగులు ఉండాలి. ఏడూ ఒకే పొడవుండాలి. ఆరు ఒక పొడవు, ఒకటి వేరు. ఏడోది ఏ డబ్బాలో ఉందో, ఏ పనికి వాడేశానో తెలియదు. స్క్రూడ్రైవరు జారి బొటనవేలు తెగింది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండడం ఈ మధ్య ఇదే మొదటిసారి. పని చేసుకోవడానికి అనుకూలం అనుకున్నాను. కాని వేలు తెగాక నాలుగింటి వరకు పని ముట్టుకోలేదు.

సాయంత్రం బావ చెప్పాడు: "పిల్ల ఏడు పౌన్లుంటాది. మోసినోడికి తెలస్తాది."

ఏడు పౌన్లు. అంచనా మాత్రమే.

14 నవంబరు, సోమవారం

కోర్టులో ఒక బర్మా ఇంటి ఆస్తి తగాదా. చనిపోయినవాడికి ఆమె భార్య అవునా కాదా అన్నది ప్రశ్న. కాగితం ఏదీ లేదు. జడ్జి కాగితం అడగలేదు కూడా. ఇరుగుపొరుగుల్ని ఆరుగురిని బోనెక్కించి ఒకటే అడిగాడు. ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నారా, కలిసి తిన్నారా, వీధిలో వాళ్ళు ఆలుమగలని అన్నారా? అవునన్నారు ఆరుగురూ. భార్యే అని తీర్పు. పద్నాలుగు లైన్లు రాశాను. ఇటువంటి తీర్పులు ఈ ఇరవై రెండేళ్ళలో పది రాసి ఉంటాను. ఒక్కదానిలోనూ ఫలితం వేరుగా లేదు.

సాయంత్రం షెడ్డులోకి వెళ్ళలేదు.

15 నవంబరు, మంగళవారం

6.50కి ఇంజను అంటుకుంది. పదకొండు నిమిషాలు నడిచింది. బావ చెవులు మూసుకుని నవ్వాడు. మంగాయమ్మ వంటింటి కిటికీ మూసింది.

16 నవంబరు, బుధవారం

బ్రేకులు. ఉన్నట్టే ఉన్నాయి.

17 నవంబరు, గురువారం

ఈ ఉదయం 7.05కి కారు మొదటిసారి కదిలింది. వెనక్కి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పైభాగం ఇంకా కట్టలేదు. ఇంజను, చట్రం, నాలుగు చక్రాలు. సీటు బదులు టీ పెట్టె. బావ షెడ్డులోంచి తోసి ఆవరణలో నిలబెట్టాడు. కారు మొహం ఇంటివైపు, వీపు వీధి గేటువైపు. ముందుకి పది గజాలు పోయి ఆగాలని నా ఏర్పాటు. మొదటి గేరు వేసి క్లచ్చి మీద కాలు తీశాను. కారు వెనక్కి నడిచింది. గేరు తప్పు వేశాననుకున్నాను. రెండోది వేశాను. మరింత వేగంగా వెనక్కి నడిచింది. బ్రేకు తొక్కాను. బ్రేకు గురించి నిన్న రాసింది సరైనదే.

"బావా! ఇన్‌సీన్ అటు కాదు!" బావ గొంతు.

గేటు దాటి, వీధి దాటి, దా ఖిన్ ఖిన్ గారి నీళ్ళ పందిరిలోకి వెళ్ళి ఆగాను. వెదురు గుంజలు నాలుగూ విరిగాయి. కుండలు మూడూ పగిలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నా లుంగీ తడిసింది.

దా ఖిన్ ఖిన్‌కి అరవై దాటాయి. పదిహేనేళ్ళుగా ఆ కుండలు ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచిన మనిషి కాదు. మా వీధిలో ఉండి ఉండి తెలుగు పట్టుబడింది. గేటు దగ్గర నిలబడి, నన్నూ కారునీ తడినేలనీ ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"సత్యారావూ, నా నీళ్ళు నీకు ఏటి సేసాయి?"

"క్షమించండి. ముందుకి వేస్తే వెనక్కి వచ్చింది."

"దాహమేసినోళ్ళు దారమ్మట వస్తారు. నువ్వు దారి కాని దారమ్మట వచ్చావు."

వీధిలో అందరూ నవ్వారు. కారుని తోసుకుని లోపలికి తెచ్చాం. ఆఫీసుకి గంటంబావు ఆలస్యం.

18 నవంబరు, శుక్రవారం

కంపెనీకి ఉత్తరం రాశాను. ఏడు ఫిర్యాదులు. గేరుపెట్టె తప్పుగా తయారైందని, ముందుకి ఒక గేరూ వెనక్కి మూడు గేర్లూ ఉన్న కారు ఏ దేశపు రోడ్ల కోసమో తెలపాలని.

కంపెనీ తప్పు కాకపోతే అది డబ్బాల తప్పు. సంచులు కలిపేసి, చీటీలు పొయ్యిలో పెట్టి, 431 బోల్టుల్ని ఓడ సరుకులా పేర్చిన మనిషి తప్పు. ఆ మాట బావ మొహం మీదే అన్నాను. ఇక షెడ్డుకి రావద్దన్నాను.

బావ కోప్పడలేదు. భుజం మీది తువ్వాలు దులుపుకున్నాడు.

"సరే బావా. ఇరవై మూడున నాను ఇన్‌సీన్ ఎల్తాను. దానికి నీ షెడ్డు అక్కర్నేదు కదా."

మంగాయమ్మ రోజంతా నాతో నాలుగు మాటలు మాట్లాడింది. అన్నం. చారు. నీళ్ళు. చాలా?

19 నవంబరు, శనివారం

ఉత్తరం పోస్టు చేయలేదు. ఫిర్యాదులు ఏడూ మళ్ళీ చదివాను. నాలుగింటికి నా దగ్గర ఆధారం లేదు.

20 నవంబరు, ఆదివారం

8.35కి వరండాలోకి వచ్చేసరికి దా ఖిన్ ఖిన్ గేటు ముందు ఇద్దరు మనుషులు. ఒకరు బావ. రెండోవాడు లుంగీ ఎగ్గట్టి, వెదురు గుంజ నిలబెట్టి మట్టి తొక్కుతున్నాడు. పక్కన మూడు కొత్త కుండలు. మనిషి ఇటు తిరిగినప్పుడు పోల్చాను. ఇన్‌సీన్ ఫిట్టరు. కిన్ మౌంగ్.

నలభై నిమిషాలు వరండాలో నిలబడి చూశాను. తొందరపడే మనిషి కాదు. గుంజ పాతాక చేత్తో ఊపి చూస్తాడు, మళ్ళీ తొక్కుతాడు. మేకులు వాడలేదు, తాడుతో కట్టాడు. మంగాయమ్మ పళ్ళెంలో మూడు టీ గ్లాసులు పెట్టుకుని నా పక్కనుంచే వీధి దాటి వెళ్ళింది. మూడే.

9.15కి దా ఖిన్ ఖిన్ వీధి వినేలా కేకేసింది.

"సత్యారావూ! నీ అల్లుడు కట్టాడు, వచ్చి సూడు. నువ్వు ఇరగ్గొట్టినదానికంటే గట్టిది!"

టీకొట్టు ముందు నలుగురున్నారు. నలుగురూ నావైపు తిరిగారు. నేను వీధి దాటి వెళ్ళాను.

"ఊలే" అన్నాడు కిన్ మౌంగ్, చేతులు లుంగీకి తుడుచుకుంటూ. బాబాయి అన్నమాట. మామ అనలేదు.

"మీరెందుకు శ్రమపడ్డారు? వడ్రంగికి చెప్పానుగా."

"ఎప్పుడు సెప్పావు?" అంది దా ఖిన్ ఖిన్.

చెప్పలేదు. చెబుదామనుకున్నాను.

"మనింటోళ్ళు ఇరగ్గొట్టింది మనింటోళ్ళే కట్టాల కదా" అన్నాడు కిన్ మౌంగ్. తెలుగు చిన్నమ్మి దగ్గర నేర్చుకున్నట్టుంది. మంగాయమ్మ మాట్లాడినట్టే ఉంది.

కారు చూస్తారా అని నేనే అడిగాను. వచ్చాడు. వెనకపక్క గొంతుక్కూర్చుని చక్రం ఒకసారి చేత్తో తిప్పాడు. ఇంకేదీ ముట్టుకోలేదు. తల వంచుకుని భుజాలు ఊగేలా నవ్వాడు.

"నవ్వకూడదనుకున్నాను. వచ్చీసింది. ఊలే, పెద్ద సక్రం ఎడం పక్కనుండాలని పుస్తకంలో ఉంది కదా?"

"ఉంది. ఎడమ పక్కనే పెట్టాను."

"ఎక్కడ నిలుసుని సూసారు?"

నిలబడిన చోటు చూపించాను. కారు ముందు, వాకిట్లో.

"అక్కడ కాదు. లోపల కూకోవాల. బండి ఎడం అంటే అందులో కూకున్నోడి ఎడం. బయట నిలుసున్నోడిది కాదు."

బావ షెడ్డు పైకప్పు వైపు చూస్తున్నాడు. చెప్పడానికి ఏమైనా ఉండి ఆయన చెప్పకుండా ఊరుకోవడం నేను చూడడం ఇదే మొదలు.

"సరిచెయ్యడానికి ఎంతసేపు?"

"నాలుగు గంటలు. నాను ముట్టుకోను, ఊలే. మీ బండి, మీరే ఇప్పండి."

గేటు దాకా వెళ్ళి ఆగాడు.

"ఇరవై మూడున పదింటికి ఉయ్యాల. మీకు సెప్పొద్దని చిన్నమ్మి సెప్పింది. నాను సెప్పనట్టే."

"ఎందుకు చెప్పొద్దంది?"

"పిలిస్తే వచ్చేవాళ్ళు సుట్టాలంట. మీరు సుట్టాలు కాదంట."

10.40 రైలుకి వెళ్ళిపోయాడు. ఈ రోజు నేను ఏ పనీ చేయలేదు.

21 నవంబరు, సోమవారం

ఉదయం ఇరుసు ఇప్పే ముందు టీ పెట్టె మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపాను. చెయ్యి ఎటు వెళ్ళిందో అటే, ఆ ఆదివారం బావ మొదట బిగించిన చోటు. నేను ఇప్పించినది సరిగ్గా ఉన్నదాన్ని.

ఇప్పడానికి మూడు గంటలు పట్టింది. ఇరుసు పెట్టె రెండు ముక్కల మధ్య ఒక పల్చని అట్ట ఉంటుంది. నూనె కారకుండా. అది చిరిగింది. లత వీధి కొట్టుకి వెళ్ళి అడిగి వచ్చాను. అటువంటిది రంగూనులో లేదు. ఇంగ్లండు నుంచి రావాలి. ఎనిమిది వారాలు. కారు ఇరవై మూడుకి కాదు. జనవరికి కావచ్చు. ఏ చేత్తో ఆ ఇరుసు తిప్పించానో ఆ చేత్తోనే స్పానరు తీసి గోడకి కొట్టాను. రేకుకి సొట్ట పడింది.

ఆఫీసు నుంచి తిన్నగా బావ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"బావా, నువ్వన్నదే నిజం."

"ఏది?"

"ఎడమ."

"అదా." తాడు పేనడం ఆపలేదు. "మరి సీటీలు కాల్సింది?"

"అది తప్పే."

"అయితే సరి. నీదొకటి, నాదొకటి. కూకో. టీ తాగుదువు."

కూర్చున్నాను. టీ గ్లాసు చేతికిచ్చి ఆయనే అన్నాడు.

"బావా, ఆ దినం నువ్వు ఎడం అన్నావు కదా. నాకు తెలుసు, నువ్వు తప్పని. గట్టిగా సెప్పనేదు. ఎందికంటావు? సదువుకున్నోడివి. సదువుకున్నోడు తనంతట తాను సూసుకోవాల. ఒకడు సెప్తే ఇంకా బిగిసిపోతాడు."

ఆయన మాట్లాడింది ఇరుసు గురించి. నేను అలాగే అర్థం చేసుకున్నాను. కాసేపు.

22 నవంబరు, మంగళవారం

మా పత్రికలో తప్పు పడితే సవరణ వేస్తాం. అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, సాకులు చెప్పకుండా. నేను రాసిన వార్తల మీద ఇంతవరకు ఏడు సవరణలు పడ్డాయి. ఇది ఎనిమిదోది. పత్రికలో రాదు. ఇక్కడే వేస్తున్నాను.

సవరణ. చిన్నమ్మికి పెళ్ళి జరిగిందనడానికి ఆధారం లేదని 9వ తేదీన రాశాను. అది తప్పు. 1926 డిసెంబరు 12, ఆదివారం, ఇన్‌సీన్‌లో చిన్నమ్మికీ కిన్ మౌంగ్‌కీ పెళ్ళి జరిగింది. ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటున్నారు. కలిసి తింటున్నారు. సాక్షి దా ఖిన్ ఖిన్, ఎదురింటావిడ. ఈ నెల 20న ఉదయం 9.15కి, వీధిలో నలుగురు వింటుండగా, అతన్ని నా అల్లుడని పిలిచింది. నేను కాదనలేదు. 9వ తేదీన 'ఒక బర్మా కుర్రవాడు' అన్న చోట 'మా అల్లుడు' అని చదువుకోవాలి.

రేపటికి సెలవు అడిగాను. కారణమేమిటన్నాడు ఎడిటరు. మనవరాలు అన్నాను. నీకు మనవరాలుందా అన్నాడు. మూడు వారాలు అవుతోందన్నాను.

మంగాయమ్మకి సాయంత్రం చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టలేదు.

"మరి కారు?"

"అవలేదు."

"తెలుసు." రెండు రాళ్ళు ఏరి పారేసింది. "పిల్లని అన్నయ్య ఎత్తుతాడన్నాను. ఆయనకేటి సెప్పమంటారు?"

"నేను ఎత్తుతానని చెప్పు."

అప్పుడు తలెత్తి చూసింది. లోపలికెళ్ళి తలగడ తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"ఏదీ, ఎత్తండి. చిన్నమ్మిని ఎత్తి ఇరవై ఏళ్ళయింది... అలగ కాదు. మెడ కింద సెయ్యి. స్పానరు కాదది, నొక్కకండి."

నాలుగుసార్లు ఎత్తించింది. నాలుగోది ఫరవాలేదంది.

నన్ను గుమ్మంలో చూసి చిన్నమ్మి ఏమంటుందో తెలియదు. తెలియనిది రాయను. పిల్లకి ఏ పేరు అనుకుంటున్నారో కూడా తెలియదు. మంగాయమ్మకి తెలుసు. రేపు అక్కడే వినండి అంది.

రేపు బుధవారం. 6.45కి బావ మా గుమ్మం ముందుకి వస్తాడు. రైలు 7.25. ఉయ్యాల పదింటికి.